రాజా దీన్ దయాళ్

రాజా లాలా దీన్ దయాళ్ (1844 - 1905) 19వ శతాబ్దపు ప్రసిద్ధ భారతీయ ఛాయాచిత్రకారుడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా హైదరాబాదు, సికింద్రాబాదుల చరిత్రలో ఆయనకు ప్రత్యేక స్థానమున్నది.

బాల్యం, ఉద్యోగం

దీన్ దయాళ్ మీరట్ సమీపంలోని సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరాడు. అక్కడ అంచనాలు, నక్షలు తయారుచేయడం ఆయన పని. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళను చేపట్టాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. 1880లలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతంలో పర్యటించి పురాతన కట్టడాలను చిత్రించాడు. వాటిలో 86 చిత్రాలు సంపుటంగా వెలువడినాయి. అనంతరం స్థిరమైన ప్రభుత్వోద్యోగాన్ని వదలి, పూర్తిగా ఈ వృత్తిపైనే ఆధారపడ్డాడు.

హైదరాబాదులో

1885లో నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమితుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. రాజభవనాలు, దర్బారులు, వేటలు, సైనిక విన్యాసాలతో పాటు కరువు సహాయక పనులను కూడా ఆయన సంస్థ చిత్రించింది. 1890ల తొలినాళ్ళలో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. నిజాము ఆయనకు 'రాజా' బిరుదునిచ్చాడు. విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడనే గౌరవం కూడా ఆయనకు దక్కింది. తరువాత బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు.

పరికరాలు, కటకాలు

ఆనాటి కెమెరాలు పెద్ద గాజు పలకలను వాడేవి. తడి పలక విధానంలో పలకపై రసాయనం ఆరకముందే చిత్రం తీసి కడగాలి. ఎండ తీవ్రమైన ప్రాంతాలలో ఇది మరింత కష్టం. 1870ల చివర వాడుకలోకి వచ్చిన పొడి పలకలు ఈ ఇబ్బందిని తొలగించాయి. అయితే అవి వేగవంతమైనవి కావడంతో, కటకం మూతను చేతితో తీసి పెట్టడం చాలక షట్టరు అవసరమైంది.

ఏ కటకం వాడాలన్నది పనిని బట్టి ఉండేది. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన కటకం ఎక్కువ వెలుగును గ్రహించేది. మధ్యభాగం స్పష్టంగా, అంచులు మసకగా ఉండటం వలన అది ముఖచిత్రాలకే అనువైనది. 1866లో వచ్చిన రాపిడ్ రెక్టిలీనియర్ గీతలను వంపు లేకుండా చూపడం వలన కట్టడాలకు తగినది.

ఇటువంటి పాత ఇత్తడి కటకాలను నేటి కెమెరాలకు అమర్చేవారు నాలుగు విషయాలు పరిశీలించాలి. కటకం ఏర్పరచే ప్రతిబింబ వలయం పలకను పూర్తిగా కప్పాలి, లేనిచో మూలలు నల్లబడతాయి. దాని నాభ్యంతరానికి సరిపడా కెమెరా సాగాలి. షట్టరు లేనిచో వేరుగా అమర్చాలి. కటకాలను అతికించిన జిగురు విడిపోకుండా, గాజు బూజు పట్టకుండా ఉండాలి. చిన్న డిజిటల్ కెమెరాకు అమర్చినపుడు వలయంలోని మధ్యభాగం మాత్రమే నమోదవుతుంది. పెట్జ్‌వాల్ కటకానికి ప్రత్యేకతనిచ్చే అంచులు చిత్రంలోకి రావు. కావున అంచుల కోసమే కొనేవారికి పెద్ద కెమెరాపై వాడినప్పుడే ఆ శ్రమకు ఫలితం దక్కుతుంది.

మరణం, వారసత్వం

దీన్ దయాళ్ 1905లో మరణించాడు. ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. గాజు పగిలితే ఆ దృశ్యం మళ్ళీ లభించదు కనుక ఈ సేకరణకు విలువ ఎక్కువ. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది. నిజాము కాలపు హైదరాబాదును అధ్యయనం చేసేవారికి ఆయన చిత్రాలు ముఖ్యమైన ఆధారాలు.