చీకటిని నమ్ముకొన్న రఘుపతి వెంకయ్య

అడవి అంచున నున్న మా వేంసూరు వంటి గ్రామములలో, కోత ముగిసిన పొలమున డేరా వేసి బొమ్మ ఆడించిన దినములు పెద్దలకు జ్ఞప్తియుండును. ఆ ఆటకు ముఖ్యముగా కావలసినవి రెండే: ఖాళీ జాగా, చీకటి. ఆ రెంటిని నమ్మి సర్వస్వమును ఒడ్డిన తెలుగువారు రఘుపతి వెంకయ్యనాయుడుగారు.

మచిలీపట్నమున జన్మించిన ఆయన మదరాసు చేరి, ఛాయాగ్రాహకులుగా పేరు గడించిరి. చీకటిగదిలో కాగితముపై రూపము మెల్లగా తేలుటను నిత్యము చూచువారు, కదలెడు బొమ్మలకు ఆకర్షితులగుటలో వింత యేమున్నది? 1910 ప్రాంతమున ఫ్రెంచి గోమాంట్ సంస్థవారి క్రోనోమెగాఫోను యంత్రమును సుమారు 30,000 రూపాయలు వెచ్చించి కొనిరి. అందులకు తన స్టూడియోను తాకట్టు పెట్టవలసివచ్చెను.

గ్రామఫోను పలకను చిత్రముతో జతపరచి, కొద్ది నిమిషముల చిన్నచిత్రములను శబ్దసహితముగా చూపు యంత్రమది. బొమ్మ యొకదారి, ధ్వని యొకదారి పోకుండ నడపుట సులభమైన పని గాదు. వెంకయ్యగారు మదరాసు ఎస్ప్లనేడు మైదానమున డేరా వేసి ప్రదర్శనలిచ్చిరి. పిదప ఆంధ్రదేశమునందే గాక బెంగుళూరు, బర్మా, సింహళములందును తిరిగిరి. పగలు వట్టి మైదానముగా నున్నచోటు ప్రొద్దు గ్రుంకగనే లోకమును చూపు కిటికీ యయ్యెడిది.

ఆ సంచారమున ఆర్జించిన ధనముతో 1914 ప్రాంతమున మదరాసున గెయిటీ థియేటరును, పిమ్మట క్రౌను, గ్లోబు థియేటర్లను కట్టించిరి. దక్షిణదేశమున భారతీయుడు నిర్మించిన తొలి సినిమాశాలలలో గెయిటీ యొకటి. కుమారుడు ప్రకాశ్‌ను చలనచిత్రకళాభ్యాసమునకై విదేశములకు పంపిరి. ఆ తండ్రీకొడుకుల స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థనుండి 1921లో మూకీచిత్రము భీష్మప్రతిజ్ఞ వెలువడెను. భీష్ముని పాత్రను ప్రకాశే ధరించి, దర్శకత్వమును వహించిరి. తెలుగువారి తొలి కథాచిత్రముగా దానిని గణింతురు.

ఐనను లక్ష్మి నిలువలేదు. థియేటర్లు చేజారినవి. 1941లో ఆయన కన్నుమూయునాటికి తెలుగు టాకీకి తొమ్మిదేండ్లు. మాటలాడు బొమ్మలు ఊరూర ఆడుచుండెను. వానికి దారి తీసిన పెద్దకు మిగిలినది పేరు మాత్రమే.

ఆ పేర 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పురస్కారము నెలకొల్పెను; ఆయనను తెలుగు చలనచిత్ర పితామహుడని కీర్తించుచున్నాము. కాని భీష్మప్రతిజ్ఞ నేడు మనకు చూడ దొరకదు. గెయిటీ భవనమును లేదు. తెర మీద వెలుగు నింపినవారి చిత్రమే చీకటిలో కలిసిపోయినది. పాత చిత్రములలో మిగిలియున్న వానినైన పదిలపరచుట ఆయనకు మనము తీర్చవలసిన బాకీ.