శ్రీనివాస రామానుజన్ బాల్యము

శ్రీనివాస రామానుజన్ నామమును వినని విద్యార్థి మన దేశమున నరుదు. ఆయన పేదయింట పుట్టెననియు, కళాశాల పట్టము లేకయే గణితశాస్త్రజ్ఞులలో నగ్రగణ్యుడయ్యెననియు మనమందఱము చదివియున్నాము. ఈ కథను చెప్పువారు తఱచుగా రెండు తీర్పులలో నొకదానిని చేయుదురు. ప్రజ్ఞ పుట్టుకతో వచ్చునది కావున దానికి పరిస్థితులతో పనిలేదని కొందఱందురు. పేదఱికమే యాయనకు పట్టుదల నేర్పినదనియు, కష్టములు విద్యార్థికి మేలే చేయుననియు మఱికొందఱందురు. ఆయన బాల్యమును శ్రద్ధతో పరిశీలించినచో నీ రెండు తీర్పులును నిలువవు. చిన్ననాట నాయనకు లభించినది యాయన గణితమున గనబడుచున్నది. లభింపనిదియు నట్లే గనబడుచున్నది.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణమున నొక బట్టలకొట్టులో గుమాస్తా. ఆయన జీతము నెలకు సుమారు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనకీర్తనలు పాడెడిది. 1889 డిసెంబరులో, రెండేండ్ల ప్రాయమున, ఈ శిశువునకు మశూచికము సోకెను. ఆ కాలమున తంజావూరు జిల్లాలో వేలకొలది జనులు ఆ వ్యాధిచే మృతినొందిరి. రామానుజన్ ముఖమున మచ్చలతో బ్రతికి బయటపడెను. ఆయన వెనుక పుట్టిన ముగ్గురు శిశువులు ఏడాదియైన నిండకుండ మరణించిరి. ఆ ముగ్గురిలో నెట్టి బుద్ధి యుండెనో యెవరు చెప్పగలరు? ప్రజ్ఞకు మొదటి యవసరము బ్రతికియుండుట. నాటి మన దేశమున నదియే యనేక శిశువులకు దొరకకుండెను.

ఇంట ధనము లేకున్నను తల్లి కుమారుని చదువును కనిపెట్టి యుండెను. 1897 నవంబరులో ప్రాథమిక పరీక్షయందు బాలుడు జిల్లాలో మొదటివాడుగా నుత్తీర్ణుడయ్యెను. దానివలన కుంభకోణము టౌను హైస్కూలులో సగము జీతమునకే చదువు సాగించు వీలు కలిగెను. సంసారము గడచుటకై తల్లిదండ్రులు కళాశాల విద్యార్థులను కొందఱిని తమ యింట భోజనవసతి కుంచుకొనెడివారు. పేదఱికమువలన వచ్చిన యీ యేర్పాటే బాలునకు గొప్ప లాభమును గూర్చెను. పదునొకండేండ్ల వయసునకే యాయన యా విద్యార్థులకు దెలిసిన గణితమంతయు నేర్చుకొనెను. వారు తెచ్చియిచ్చిన లోనీ దొరగారి త్రికోణమితి గ్రంథమును పదుమూడవ యేట నామూలాగ్రముగ గ్రహించెను. పాఠశాలయందు సుమారు 1,200 మంది విద్యార్థులును 35 మంది యుపాధ్యాయులును నుండిరి. వారి పాఠముల కాలపట్టికను తయారుచేయు చిక్కుపనిలో నీ బాలుడు సాయపడెను. ఇట్టి పని నొక పిల్లవాని చేతికిచ్చిన యుపాధ్యాయుల యౌదార్యమును మనము మఱువరాదు.

1903లో, పదునాఱవ యేట, ఒక స్నేహితునివలన రామానుజన్ చేతికి మఱియొక గ్రంథము వచ్చెను. అది కార్ అను నాంగ్లేయుడు రచించిన గణిత ఫలితముల సంగ్రహము. కార్ లండనులో విద్యార్థులకు ప్రైవేటుగా పాఠములు చెప్పి కేంబ్రిడ్జి పరీక్షలకు సిద్ధపఱచువాడు. ఆ గ్రంథమున సుమారు ఐదువేల సిద్ధాంతములు వరుసగా నంకెలువేసి యివ్వబడినవి. వానికి నిరూపణములు చాలవఱకు లేవు. ఉన్నవియు నొకటి రెండు పంక్తుల సూచనలే. అది పరీక్షకు ముందు నెమరువేసికొనుట కుద్దేశింపబడినదే గాని గురువు లేని బాలుడు శాస్త్రమును నేర్చుకొనుటకు వ్రాయబడినది కాదు. రామానుజన్‌కు దొరకిన గొప్ప గ్రంథ మదియొక్కటియే. ఒక్కొక్క సిద్ధాంతమును తానే సాధించుచు, ఆ దారిలో గ్రొత్తవానిని గనుగొనుచు నాయన ముందుకు సాగెను. ఫలితమును ముందు గుర్తించి నిరూపణమును మనసులోనే విడిచిపెట్టు నలవాటు ఆ గ్రంథమునుండియే యాయనకు పట్టువడెను.

ఆ యలవాటును మఱింత గట్టిపఱచినది పలక. కాగితము వెలగలది, కావున రామానుజన్ లెక్కలన్నియు పలకమీదనే చేసెడివాడు. పలక నిండగానే మోచేతితో తుడిచి మరల వ్రాసెడివాడు. తుదకు తేలిన ఫలితమును మాత్రము నోటుపుస్తకమున నెక్కించెడివాడు. నడుమ నడచిన దారి యంతయు పలకమీది సుద్దతోపాటు తుడిచిపెట్టుకొనిపోయెను. ఆ నోటుపుస్తకములలో మూడువేలకు పైబడిన ఫలితములున్నవి. వానిని నిరూపించుట తరువాతి గణితజ్ఞులకు నెన్నో యేండ్ల పని యయ్యెను. అమెరికా గణితజ్ఞుడు బ్రూస్ బెర్న్‌ట్ ఆ పనిని ముగించి 1985 మొదలు 1998 వఱకు నైదు సంపుటములుగ ప్రకటించెను. నాలుగణాల కాగితము లేని లోటు ఇట్లు నూఱేండ్ల కాలము శాస్త్రమును వెంబడించెను.

1904లో రామానుజన్ పాఠశాల విద్యను ముగించెను. గణితమున బహుమానము లభించెను. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనమును లభించెను. అయితే యాయన మనసు గణితమునందే లగ్నమై తక్కిన పాఠములయందు నిలువకుండెను. పరీక్షలో నితర విషయములు తప్పగా విద్యార్థివేతనము పోయెను. కళాశాల జీతము టరము ఒక్కంటికి 32 రూపాయలు. అనగా తండ్రి నెలన్నర సంపాదన. ఆ విద్యార్థివేతనము ధనవంతుని బిడ్డకు గౌరవచిహ్నము మాత్రమే యగును. గుమాస్తా బిడ్డకు చదువును నిలిపిన స్తంభ మదియే. స్తంభము పడగానే యిల్లు కూలెను. 1905 ఆగస్టులో పదునేడేండ్ల యా యువకుడు ఎవరికిని జెప్పక యిల్లు విడిచి మన తెలుగు తీరమునకు, విశాఖపట్టణము వైపునకు బయలుదేఱి పోయెను. కొలదికాలమునకు మరల నిల్లు చేరెను.

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి యాయన మఱల బ్రయత్నించెను. గణితమున నేర్పరియయ్యును శరీరధర్మశాస్త్రము మున్నగువానిలో మార్కులు రాలేదు. 1906లోను 1907లోను ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. ఒక విషయమున నసమానుడైన బాలునికై తక్కినవానిలో కొంత సడలింపు చేయు నేర్పాటు నాటి విద్యావిధానమున లేదు. అటుపిమ్మట నాయనకు పట్టము లేదు, ఉద్యోగము లేదు, గురువు లేడు, తగిన గ్రంథాలయమును లేదు. ఐరోపాలో నప్పటికే పరిష్కృతములైన విషయములను తెలియక, మొదటినుండి తానే మరల కనుగొనుచు విలువైన వత్సరములను గడపెను. 1909లో జానకి యను బాలికతో వివాహమైనందున సంసారభారమును తోడయ్యెను.

జీవనోపాధికై వెదకుచు 1910లో నాయన భారత గణితసంఘ స్థాపకులగు వి. రామస్వామి అయ్యరును దర్శించెను. ఆయనయు మిత్రులును రామానుజన్‌ను నెల్లూరు జిల్లా కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావుగారి యొద్దకు బంపిరి. రావుగారు గణితాభిమాని. చింపిరి నోటుపుస్తకములను చూచి, మొదట సందేహించినను, తుదకు నా యువకుని ప్రతిభను గుర్తించిరి. నెలకు 25 రూపాయలు తమ సొంతధనమునుండి యిచ్చి, వేఱు చింత లేక గణితము చేసికొనుమనిరి. 1911లో రామానుజన్ మొదటి వ్యాసము గణితసంఘ పత్రికలో వెలువడెను. 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతముమీద గుమాస్తాయయ్యెను. 1913 జనవరిలో నచటినుండియే కేంబ్రిడ్జి పండితుడగు హార్డీకి తన సిద్ధాంతములతో నుత్తరము వ్రాసెను. ఆ యేడే మద్రాసు విశ్వవిద్యాలయము తన నిబంధనలను సడలించి, పట్టము లేని యీ యువకునకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమును మంజూరు చేసెను.

హార్డీ బాల్యమును రామానుజన్ బాల్యముతో పోల్చి చూడుట మంచిది. హార్డీ 1877లో జన్మించెను. తల్లిదండ్రు లిరువురును విద్యాబోధన వృత్తిలోనివారు, ధనవంతులు కారు. అయినను విద్యార్థివేతనముతో వించెస్టరు పాఠశాలయందును, పిమ్మట ట్రినిటీ కళాశాలయందును గొప్ప గురువుల చెంత చదివెను. నిరూపణ మనగా నేమో యాయనకు యౌవనముననే తెలిసెను. రామానుజన్ 1914లో కేంబ్రిడ్జి చేరినపుడు ఊహాశక్తియందు హార్డీకి మించినవాడే గాని, నిరూపణశాస్త్రమున నా కళాశాలలోని సామాన్య విద్యార్థి యెఱిగినదియు నెఱుగడు. ప్రధానసంఖ్యల విషయమున నాయన నిశ్చయముగ దెలిపిన సూత్రములు కొన్ని తప్పని తేలెను. అందుకు కారణము బుద్ధిలోపము కాదు. ఆ విషయమునకు వలసిన యాధునిక శాస్త్రభాగమును బోధించు గ్రంథ మాయన చేతికి బాల్యమున రాకపోవుటయే.

ఇద్దఱును కలిసిన తరువాత జరిగిన పని లోకప్రసిద్ధము. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తముగ నెన్ని విధముల వ్రాయవచ్చునను ప్రశ్నను తీసికొందము. 4ను 5 విధముల వ్రాయవచ్చును. 200ను వ్రాయు విధములు 39,72,99,90,29,388. అనగా సుమారు 4 లక్షల కోట్లు. ఈ లెక్క నొక్కొక్కటిగా వేయనక్కఱలేక, సమీపముగ దెలుపు సూత్రమును వారు 1918లో ప్రకటించిరి. ఒకరి యూహయు నొకరి శిక్షణయు గూడి యా ఫలము పండెను. 1918లోనే రామానుజన్ రాయల్ సొసైటీ సభ్యుడుగను, ట్రినిటీ కళాశాల ఫెలోగను నెన్నుకొనబడెను. ట్రినిటీయందు నా గౌరవమును పొందిన మొదటి భారతీయు డాయనయే.

అప్పటికే శరీరము చెడియుండెను. 1917లో రోగపీడితుడై యాయన పలు వైద్యాలయములయందు గడపెను. యుద్ధకాలమున శాకాహారికి తగిన భోజనము దొరకుట కష్టమయ్యెను. 1919లో స్వదేశమునకు వచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన, ముప్పదిరెండేండ్ల వయసుననే మరణించెను. అది క్షయయని నాటి వైద్యులు తలచిరి. 1994లో నాయన వ్యాధిచరిత్రను మరల పరిశీలించిన యొక వైద్యుడు వేఱొక యభిప్రాయమును దెలిపెను. యౌవనమున మద్రాసులో సోకిన జిగట విరేచనముల క్రిమి కాలేయమున దాగియుండి చాలకాలమునకు ప్రాణము తీసియుండునని యాయన మతము. ఇదియే నిజమైనచో, శుద్ధజలము లేని లోటు కూడ నా జీవితమును హరించినవానిలో నొకటి.

ఆయన యకాలమరణమునకు లోకము వగచెను. హార్డీ మాత్రము అంతకంటె ఘోరమైన నష్టము వేఱొకటి కలదని తలచెను. కళాశాల చదువు తప్పిన నాటినుండి ఉద్యోగము దొరకువఱకు గడచిన యైదేండ్లలో నా ప్రతిభ దారిచూపువారు లేక వ్యర్థమయ్యెననియు, గణితజ్ఞునకు నూతనసృష్టి చేయుటకు తగిన వయసదియేననియు నాయన భావము. ఆ వత్సరములను తిరిగి యిచ్చుట ట్రినిటీ కళాశాలకును సాధ్యము కాలేదు.

ఒక మహాపురుషుని కథనుబట్టి సామాన్యసూత్రము చేయరాదని యెవరైన నందురేమో. అట్టివారికి మన ప్రాంతముననే సాక్ష్యము కలదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశములయందును నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమునందును సుమారు 12,000 మంది పిల్లలను 2002 మొదలుకొని యేండ్ల తరబడి గమనించిరి. వీరిలో సుమారు 3,000 మంది మన తెలుగు పిల్లలు. శైశవమున పౌష్టికాహారము లేక యెదుగుదల కుంటుపడిన పిల్లలు, పిదప చదువునందును లెక్కలయందును సామాన్యముగ వెనుకబడుచుండిరని తేలెను. అయితే చిన్ననాటి లోటు తలవ్రాత కాదనియు వారు కనుగొనిరి. కఱవు కాలమున కృశించిన మన ప్రాంతపు పిల్లలు పాఠశాలలోని మధ్యాహ్న భోజనమువలన చాలవఱకు కోలుకొనిరి.

కావున, విద్యార్థి మిత్రులారా, రామానుజన్ కథను కష్టములకు పొగడ్తగా చదువకుడు. ఆయనను పైకి దెచ్చినవి కష్టములు కావు. చదువును గనిపెట్టిన తల్లి, పుస్తకము తెచ్చియిచ్చిన స్నేహితుడు, సగము జీతముతో చేర్చుకొనిన పాఠశాల, 25 రూపాయలిచ్చిన నెల్లూరు కలెక్టరు: వీరు ఆయన ప్రజ్ఞకు త్రోవ చూపిరి. వీరి సాయము కూడ లేక, పలకమీది లెక్కవలె తుడిచిపెట్టుకొనిపోయినవా రెందఱో మనకు తెలియదు. మన తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండు బాలునకు పుస్తకము లేదేమో. ఉదయము భోజనము లేదేమో. మన పుస్తకము నొక వారము వానికిచ్చుట మనకు పెద్దపని కాదు. కుంభకోణమున 1903లో నొక స్నేహితుడు చేసినదియు నింతమాత్రమే.