బిల్లీ మిచెల్: కేసు ఓడి వాదం గెలిచిన సైనికుడు

విమానాల చరిత్ర అనగానే మనకు రైట్ సోదరులు గుర్తుకొస్తారు. యుద్ధంలో విమానం ఏం చెయ్యగలదో అమెరికా వాళ్ళకి కళ్ళకు కట్టినట్టు చూపించినవాడు మాత్రం విలియం మిచెల్. అందరూ ఆయన్ని బిల్లీ మిచెల్ అనే పిలిచారు. వాయుసేన విడిగా ఉండాలని పోరాడి, 1925లో కోర్టు మార్షల్ ఎదుర్కొని, యూనిఫాం వదులుకున్న మనిషి. చాలాకాలం సర్వీసు చేసిన నాకు ఆయన గెలుపుల కంటే ఆ కేసే ఎక్కువ ఆలోచన కలిగించింది. తనకు నిజమని తోచినది పైవాళ్ళు వినకపోతే యూనిఫాంలో ఉన్నవాడు ఏం చెయ్యాలి? మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురైన ప్రశ్నే ఇది.

మిచెల్ 1879 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పుట్టారు. పెరిగింది అమెరికాలోని మిల్వాకీలో. బాగా కలిగిన కుటుంబం. తండ్రి జాన్ మిచెల్ విస్కాన్సిన్ రాష్ట్రం తరఫున సెనేటర్. 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాగానే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చదువు పక్కన పెట్టి మామూలు సిపాయిగా చేరిపోయాడు. కొద్దికాలానికే సిగ్నల్ కోర్‌లో ఆఫీసరయ్యాడు. ఫిలిప్పీన్స్‌లో పనిచేశాడు. 1901 నుంచి 1903 వరకు అలాస్కా మంచులో టెలిగ్రాఫ్ లైను వేయించాడు. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో విమానాలు సిగ్నల్ కోర్ కిందే ఉండేవి. అలా ఆయన దృష్టి ఆకాశం మీద పడింది. 1916లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, సొంత డబ్బు పెట్టి విమానం నడపడం నేర్చుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా 1917లో దిగింది. అప్పటికే మిచెల్ యూరప్‌లో ఉన్నారు. బ్రిటిష్, ఫ్రెంచి వైమానికుల దగ్గర అడిగి అడిగి పాఠాలు నేర్చుకున్నారు. 1918 సెప్టెంబరులో సెయింట్ మిహియెల్ పోరులో మిత్రదేశాల విమానాలు దాదాపు 1,500 ఆయన ఆధ్వర్యంలో పనిచేశాయి. అంతకుముందు ఏ పోరులోనూ అన్ని విమానాలు ఒక్కచోట చేరలేదు. బ్రిగేడియర్ జనరల్‌గా, ఛాతీ నిండా పతకాలతో ఆయన తిరిగివచ్చారు.

అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది. యుద్ధం అయిపోయింది, బడ్జెట్ తగ్గిపోయింది. ఉన్న కాస్త డబ్బూ యుద్ధనౌకలకా, విమానాలకా అన్న వాదన వచ్చింది. విమానం ఎంత పెద్ద నౌకనైనా ముంచగలదని మిచెల్ అన్నారు. నౌకాదళం ఒప్పుకోలేదు. చివరికి పరీక్ష పెట్టారు. జర్మనీ నుంచి స్వాధీనమైన ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే యుద్ధనౌకను వర్జీనియా తీరానికి దూరంగా సముద్రంలో నిలిపారు. 1916 జట్లాండ్ పోరులో మైన్ తగిలినా బతికి బయటపడ్డ నౌక అది. 1921 జులై 21న మిచెల్ మనుషులు రెండువేల పౌండ్ల బాంబులు వేస్తే అరగంట లోపే మునిగిపోయింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ నౌకలో సిబ్బంది లేరు, తిరిగి కాల్చే ఫిరంగులు లేవు, నీళ్ళు తోడే పంపులు లేవు. పైగా దెబ్బ దెబ్బకీ ఆగి నష్టాన్ని పరిశీలించాలన్న నిబంధనను మిచెల్ పట్టించుకోలేదు. కాబట్టి నౌకాదళం అభ్యంతరంలోనూ పస ఉంది. కానీ జనం చూసింది ఒక్కటే, మునగదన్న నౌక మునిగింది.

1923 చివర ఆయన్ని పసిఫిక్, ఆసియా పర్యటనకు పంపారు. ఆ ప్రయాణంలోనే మన దేశానికి కూడా వచ్చారు. ఇక్కడి పులివేట మీద 1924లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వ్యాసం కూడా రాశారు. తిరిగి వెళ్ళాక పెద్ద రిపోర్టు ఇచ్చారు. జపాన్‌తో యుద్ధం వస్తుందని, ఒక ఉదయం పూట పెర్ల్ హార్బర్ మీద ఆకాశం నుంచి దాడి జరుగుతుందని అందులో ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. 1925లో ఆయన పదవిని పొడిగించలేదు. పాత ర్యాంకు కల్నల్‌కి దించి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకి పోస్టింగ్ ఇచ్చారు. అది ఎలాంటి పోస్టింగో మనవాళ్ళకి విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ సెప్టెంబరు మొదట్లో రెండు ప్రమాదాలు జరిగాయి. హవాయికి బయల్దేరిన నౌకాదళ సీప్లేన్ సముద్రంలో కనిపించకుండా పోయింది (అందులోని వాళ్ళు తర్వాత ప్రాణాలతో దొరికారు). సెప్టెంబరు 3న షెనాండోవా అనే నౌకాదళ ఎయిర్‌షిప్ ఒహాయో మీద తుఫానులో ముక్కలై 14 మంది చనిపోయారు. రెండ్రోజులకి మిచెల్ విలేకరులను పిలిచి, సైనిక, నౌకా శాఖల అసమర్థత, నేరపూరితమైన నిర్లక్ష్యమే దీనికి కారణమని, అది దేశద్రోహానికి దగ్గరగా ఉందని ఆరోపించారు. కోర్టు మార్షల్ వస్తుందని తెలిసే చేశారు. ప్రజల ముందు విచారణ జరగాలన్నదే ఆయన ఆలోచన.

అక్టోబరు 28న వాషింగ్టన్‌లో కేసు మొదలైంది. అప్పటి ఆర్టికల్స్ ఆఫ్ వార్‌లో 96వది ప్రయోగించారు. మన ఆర్మీ యాక్ట్‌లో సెక్షన్ 63, ఎయిర్‌ఫోర్స్ యాక్ట్‌లో సెక్షన్ 65 లాంటిదన్నమాట. క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనైనా దాని కిందికి వస్తుంది. న్యాయమూర్తులుగా కూర్చున్న జనరల్స్‌లో ఒక్కరూ వైమానికుడు కాదు. వాళ్ళలో డగ్లస్ మెకార్థర్ ఒకరు. అంతర్యుద్ధంలో ఇద్దరి తండ్రులూ ఒకే రెజిమెంటులో పనిచేశారు. డిఫెన్సు తరఫున ఫ్రాంక్ రీడ్ అనే కాంగ్రెస్ సభ్యుడు వాదించారు. మిచెల్ చెప్పింది నిజమని సాక్షుల చేత చెప్పించారు. కానీ చట్టం దృష్టిలో ప్రశ్న ఆ మాటలు నిజమా కాదా అని కాదు. యూనిఫాంలో ఉండి ఆ మాటలు అలా అనవచ్చా అన్నదే. డిసెంబరు 17న దోషి అని తేల్చారు. ఐదేళ్ళు ర్యాంకు, కమాండ్, జీతం లేకుండా సస్పెన్షన్. ప్రెసిడెంట్ కూలిడ్జ్ సగం జీతం ఇమ్మన్నారు. మిచెల్ అది తీసుకోకుండా 1926 ఫిబ్రవరి 1న రాజీనామా చేశారు. పదేళ్ళపాటు రాస్తూ, ఉపన్యాసాలిస్తూ గడిపి 1936 ఫిబ్రవరి 19న కన్నుమూశారు.

1941 డిసెంబరు 7 ఉదయం పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. 1947లో అమెరికా వాయుసేన విడి సర్వీసు అయింది. అయినా ఆయన చెప్పినదంతా నిజమైందని మాత్రం అనలేం. విమానవాహక నౌకలకు ఆయన పెద్దగా విలువ ఇవ్వలేదు. పెర్ల్ హార్బర్‌ను దెబ్బతీసినవి అలాంటి నౌకల మీద నుంచి లేచిన విమానాలే. 1942 ఏప్రిల్‌లో టోక్యో మీద దాడి చేసిన 16 బి-25 బాంబర్లకు మిచెల్ పేరే పెట్టారు. అవీ విమానవాహక నౌక మీద నుంచే లేచాయి!

ఆయన పక్షాన సాక్ష్యం చెప్పినవాళ్ళలో హ్యాప్ ఆర్నాల్డ్ ఉన్నారు. ఆయన్నీ కాన్సాస్‌లో ఒక మూలకి పంపారు. ఆయన మాత్రం రాజీనామా చెయ్యలేదు. ఇచ్చిన పని చేసుకుంటూ ఓపిక పట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో మొత్తం సైనిక వైమానిక దళాలను నడిపింది ఆయనే. మిచెల్ కన్న కలను సర్వీసులో మిగిలినవాళ్ళే నిజం చేశారు.

నా మట్టుకు నాకు కోర్టు తీర్పు తప్పనిపించదు. ప్రతి ఆఫీసరూ పత్రికలకెక్కితే ఏ సైన్యమూ నిలవదు. తప్పంతా అంతకుముందు జరిగింది. ఒక అనుభవజ్ఞుడి రిపోర్టును చదవకుండా బీరువాలో పెట్టి, మనిషిని దూరంగా పంపేశారు. మనకు స్టాట్యుటరీ కంప్లైంట్ ఉంది గానీ అది సొంత అన్యాయానికి. రక్షణ విధానం మీద కింద నుంచి వచ్చే మాటకి దారి పైవాడి చెవి ఒక్కటే. ప్రస్తుతం కమాండ్‌లో ఉన్న తమ్ముళ్ళకి నేను చెప్పదలచుకున్నది అదే. మీ టేబుల్ మీదికి వచ్చిన నచ్చని రిపోర్టుని ఒకసారి పూర్తిగా చదవండి. రాసినవాడిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి.