షిల్లింగు పెట్టి విన్నవాడు

ఫారడే పేరు మనలో చాలామందికి ఇంటర్ ఫిజిక్స్‌లోనే పరిచయం. ఒక నియమం, ఒక సూత్రం, దాని ముందు ఒక మైనస్ గుర్తు. ఆ మైనస్ ఎందుకొచ్చిందో రాస్తే మార్కులు. నాకూ ఫారడే అంటే అంతే. ఆయన ఒకప్పుడు పుస్తకాలకు అట్టలు వేసే కుర్రాడని, బడిలో చదివింది చాలా తక్కువని, మిగతాదంతా చదివీ వినీ నేర్చుకున్నాడని ఈ ఏడాది సంక్రాంతి సెలవుల దాకా నాకు తెలీదు.

తెలిశాక కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే నేనూ రోజూ చదువుతాను, వింటాను. హాస్టల్ నుంచి మెస్‌కి నడిచేటప్పుడు చెవిలో ఏదో ఒక పాడ్‌కాస్ట్ ఉంటుంది, అదీ ఒకటిన్నర స్పీడులో. తర్వాత చూద్దామని దాచుకున్న వీడియోలు రెండొందలు దాటాయి. ఒకరోజు మా రూమ్మేట్ నిన్న విన్నదాంట్లో ఏముందని అడిగాడు. బాగుందని తప్ప ఇంకేం చెప్పలేకపోయాను. ఒక మనిషిని చదివీ వినీ సైంటిస్టుని చేసిన అలవాటు నా దగ్గర ఎందుకు పనిచేయట్లేదు? ఆ ప్రశ్నతోనే ఫారడే జీవితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు లండన్‌లో కలిసిపోయింది. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయనకి ఆరోగ్యం సరిగ్గా ఉండేది కాదు, అందుకే పని కూడా రోజూ ఉండేది కాదు. నలుగురు పిల్లలు. 1801లో తిండిగింజల ధరలు బాగా పెరిగినప్పుడు మైకేల్‌కి వారానికి ఒక రొట్టె ఇచ్చేవాళ్లట. ఆ ఒక్క రొట్టెనే వారమంతా సర్దుకోవాలి. బడిలో నేర్చుకున్నది చదవడం, రాయడం, కాసిన్ని లెక్కలు. అంతే.

1804లో బ్లాండ్‌ఫర్డ్ స్ట్రీట్‌లో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట్లో పేపర్లు మోసే పని. అప్పట్లో పేపరు ఖరీదైన వస్తువు. అందుకని ఒకే పేపర్‌ని అద్దెకిచ్చేవాళ్లు. ఒక ఇంట్లో చదవడం అయ్యాక కుర్రాడు వెళ్లి తెచ్చి ఇంకో ఇంట్లో ఇవ్వాలి. మరుసటి ఏడాది అక్టోబర్‌లో రీబో అతన్ని ఏడేళ్లకు బైండింగ్ అప్రెంటిస్‌గా తీసుకున్నాడు. మామూలుగా అప్రెంటిస్‌గా చేర్చుకోవాలంటే ఇంటివాళ్లు డబ్బు కట్టాలి. నమ్మకంగా పనిచేశాడని రీబో ఆ డబ్బు అడగలేదు.

కాగితాలు కుట్టడం, జిగురు పెట్టడం, తోలు అట్ట వేయడం. పగలంతా ఇదే. పని అయ్యాక, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలనే తెరిచి చదివేవాడు. ఒకసారి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటం ఒకటి చేతికొచ్చింది. అందులో విద్యుత్తు గురించిన వ్యాసం చదివాడు. తర్వాత జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన కాన్వర్జేషన్స్ ఆన్ కెమిస్ట్రీ దొరికింది. ఒక టీచరమ్మ ఇద్దరు అమ్మాయిలతో కబుర్లు చెబుతున్నట్టుగా సాగే కెమిస్ట్రీ పుస్తకం అది.

నేనైతే ఇలాంటి పుస్తకం పూర్తి చేసి, పూర్తి చేశానని స్టేటస్ పెట్టుకునేవాణ్ణి. ఫారడే మాత్రం పుస్తకంలో ఉన్నది నిజమో కాదో చూశాడు. వారానికి కొన్ని పెన్నీలు మిగుల్చుకుని, ఆ డబ్బుతో అయ్యే చిన్న ప్రయోగాలు చేశాడు. గాజు సీసాతో స్థిర విద్యుత్తు పుట్టించే యంత్రం ఒకటి తయారు చేసుకున్నాడు. పుస్తకంలో చెప్పింది తన చేతిలోనూ జరిగాకే దాన్ని నమ్మాడు. ఎవరు చెప్పినా సరే, తన కళ్లతో చూడనిదే ఒక విషయాన్ని తనదనుకోకపోవడం ఆయనకి చివరిదాకా అలవాటు.

ఇక్కడ ఇంకో పుస్తకం గురించి చెప్పాలి. ఐజాక్ వాట్స్ అనే మతబోధకుడు 1741లో అచ్చువేసిన ది ఇంప్రూవ్‌మెంట్ ఆఫ్ ద మైండ్. మనసుని ఎలా మెరుగుపరుచుకోవాలో చెప్పే పుస్తకం. ఈ కాలం భాషలో సెల్ఫ్ హెల్ప్ అన్నమాట. దాని సలహాలు చాలా మామూలుగా ఉంటాయి: పక్కన నోట్‌బుక్ పెట్టుకుని చదవాలి, లెక్చర్లు వినాలి, తెలిసినవాళ్లతో చర్చించాలి, స్నేహితుడికి ఉత్తరాలు రాయాలి. ఈ పుస్తకం చదివినవాళ్లు అప్పట్లో చాలామందే ఉంటారు. ఫారడే దాన్ని సిలబస్‌లా తీసుకుని ఒక్కో సలహా అమలు చేసుకుంటూ వెళ్లాడు. 1809లో, అంటే 18 ఏళ్లప్పుడు, పేపర్లలోనూ పుస్తకాల్లోనూ కనిపించిన సైన్సు విషయాలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాడు. దానికి ఫిలసాఫికల్ మిసలనీ అని పేరు పెట్టుకున్నాడు.

చదవడం అలా కుదిరింది. వినడానికి మాత్రం డబ్బు కావాలి. డోర్సెట్ స్ట్రీట్‌లో జాన్ టాటమ్ అనే ఆయన తన ఇంట్లో సాయంత్రాలు సైన్సు లెక్చర్లు ఇచ్చేవాడు. ఒక్కో లెక్చర్‌కి ఒక షిల్లింగు. అప్రెంటిస్ దగ్గర అంత ఉండదు. అన్న రాబర్ట్ తండ్రిలాగే కమ్మరి పని చేసేవాడు. ఆ షిల్లింగు అతనిచ్చాడు. షిల్లింగంటే ఎంతో మనకి తెలియాలంటే ఒక లెక్క చూడండి. తర్వాత ఫారడేకి సైన్సులో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వారం జీతం 25 షిల్లింగులు. అంటే ఆ జీతగాడికి కూడా ఒక లెక్చర్ అంటే వారం జీతంలో 25వ వంతు. ఆ డబ్బుతో 1810 ఫిబ్రవరి నుంచి 1811 సెప్టెంబర్ దాకా 12, 13 లెక్చర్లు విన్నాడు. ఏడాదిన్నరలో 13. నేను ఒక ఆదివారం వినే వీడియోల కంటే తక్కువ. ఈ మధ్యలోనే, 1810 అక్టోబర్‌లో, తండ్రి చనిపోయాడు.

నాకు బాగా పనికొచ్చింది ఆయన వినే పద్ధతి. లెక్చర్ జరిగేటప్పుడు ముఖ్యమైన మాటలు, ప్రయోగాల పేర్లు, పదార్థాల పేర్లు మాత్రం గబగబా రాసుకునేవాడు. ఇంటికొచ్చాక వాటిని చూస్తూ ఇంకొంచెం వివరంగా, వరుసగా రాసేవాడు. దాన్నుంచి మొత్తం లెక్చర్‌ని చిత్తుప్రతిగా, చివరికి బొమ్మలతో సహా శుభ్రంగా. అంటే గంటసేపు విన్నదాన్ని నాలుగుసార్లు రాశాడన్నమాట. పరికరాల బొమ్మలు సరిగ్గా గీయడం రాకపోతే, రీబో ఇంట్లో అద్దెకున్న మాస్కెరియే అనే చిత్రకారుడి దగ్గర నేర్చుకున్నాడు. ఫీజుగా ఆయన గది దులిపి, బూట్లు పాలిష్ చేసేవాడు. నోట్సుని నాలుగు సంపుటాలుగా తనే బైండ్ చేసి రీబోకి అంకితమిచ్చాడు.

టాటమ్ ఇంట్లో సిటీ ఫిలసాఫికల్ సొసైటీ అనే చిన్న సంఘం ఉండేది. తనలాంటి ఉద్యోగస్తులు, పనివాళ్లే సభ్యులు. మన క్లబ్బులాంటిదే అనుకోండి. అక్కడ పరిచయమైన బెంజమిన్ ఆబట్‌కి 1812 జులై నుంచి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఆబట్ తనకంటే బాగా చదువుకున్నవాడు, అందుకే అతనికి రాస్తే భాష మెరుగవుతుందని ఫారడే ఆశ. అర్ధ పెన్నీ నాణేలంత జింకు బిళ్లలు కోసి, రాగి నాణేలతో పేర్చి బ్యాటరీ ఎలా చేశాడో మొదటి ఉత్తరంలోనే పూసగుచ్చినట్టు రాశాడు.

ఇక అదృష్టం సంగతి. దాన్ని దాచిపెడితే ఈ కథ అబద్ధమవుతుంది. షాపుకొచ్చే విలియం డాన్స్ అనే సంగీతకారుడు ఫారడే నోట్సు చూసి, 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే చివరి నాలుగు లెక్చర్లకు టికెట్లు ఇప్పించాడు. డేవీ అప్పట్లో ఇంగ్లండులోకెల్లా పేరున్న కెమిస్టు. గ్యాలరీలో గడియారం పైన కూర్చుని ఫారడే ఆ నాలుగూ విన్నాడు. మళ్లీ అదే పద్ధతి, ఈసారి 300 పేజీల దాకా వచ్చింది.

ఆ అక్టోబర్‌లో అప్రెంటిస్ గడువు ముగిసింది. ఇంకో బైండర్ దగ్గర కూలికి చేరాడు. ఆ యజమాని కోపిష్టి. సైన్సులో ఏ పనైనా ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరం రాస్తే జవాబే రాలేదు. డిసెంబర్‌లో ఆ 300 పేజీలు బైండ్ చేసి డేవీకి పంపాడు. డేవీ పిలిపించి మాట్లాడాడు, మెచ్చుకున్నాడు కూడా. కానీ ఉద్యోగం ఇవ్వలేదు. బైండింగే చేసుకోమని, ఇన్‌స్టిట్యూషన్ బైండింగ్ పని ఇప్పిస్తానని చెప్పి పంపేశాడు. అన్నేళ్ల కష్టానికి దొరికింది అదీ.

1813 ఫిబ్రవరిలో ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేసే ల్యాబ్ సహాయకుడు పరికరాలు చేసే ఆయనతో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఖాళీ వచ్చింది. డేవీకి ఆ పుస్తకం పంపిన కుర్రాడు గుర్తొచ్చాడు. మార్చి 1న ఫారడే చేరాడు. 25 షిల్లింగులు, పైన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. రోజువారీ అలవాటు వల్ల ఉద్యోగం రాలేదు, ఖాళీ రావడం వల్ల వచ్చింది. అయితే ఖాళీ వచ్చినరోజు గుర్తుకు రావడానికి డేవీ దగ్గర అతని పుస్తకం ఉంది. నాకు అర్థమైనంతవరకు మన చేతిలో ఉండేది అంతవరకే.

ఉద్యోగం వచ్చాక చాలామంది ఆపేస్తారు, ఈయన ఆపలేదు. చేరిన కొన్ని నెలలకే ఆబట్‌కి వరసగా రాసిన ఉత్తరాల్లో లెక్చర్ ఎలా ఉండాలో చర్చించాడు. హాల్లో గాలీ వెలుతురూ ఎలా ఉండాలి, జనం శ్రద్ధ ఎంతసేపు నిలుస్తుంది, మాట్లాడేవాళ్ల తప్పులేంటి అని. అప్పటికి తను ఇంకా ఒక్క లెక్చర్ కూడా ఇవ్వలేదు! ఇన్నాళ్లూ విషయంతో పాటు చెప్పేవాళ్లని కూడా గమనించాడన్నమాట. 1818లో నలుగురు మిత్రులతో కలిసి ఒకరి వ్యాసాలు ఒకరు దిద్దుకునే పుస్తకం నడిపాడు. ఆ రోజుల్లోనే బెంజమిన్ స్మార్ట్ దగ్గర వక్తృత్వ పాఠాలకి డబ్బు కట్టాడు. తను మాట్లాడేటప్పుడు తొందరపడితే గుర్తుచేయడానికి, నెమ్మదిగా అని రాసిన అట్టముక్క ఎదురుగా పెట్టించుకునేవాడు. తర్వాతి రోజుల్లో 1827 నుంచి 1860 మధ్య 19 సార్లు పిల్లల కోసం క్రిస్మస్ లెక్చర్లు ఇచ్చింది ఈయనే.

1831 ఆగస్టు 29న ఇనప రింగుకి రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదాంట్లో కరెంటు మారితే రెండోదాంట్లో కరెంటు పుట్టడం చూశాడు. మన ఇంటర్ పాఠం అదే. మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కూడా అదే. ఆయనకి జ్ఞాపకశక్తి తక్కువని ఎప్పుడూ బాధపడేవాడు. అందుకే ప్రతి ప్రయోగం రాసిపెట్టాడు. 1832 నుంచి పేరాలకు వేసిన వరస సంఖ్య 16,041 దాకా వెళ్లింది.

సొంత చదువులో లోటు కూడా ఉంటుంది. ఫారడేకి పై లెక్కలు రావు, చివరిదాకా నేర్చుకోలేదు. తను ఊహించిన బలరేఖలని గణితంలోకి తెచ్చింది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1857లో ఫారడే అతనికి ఉత్తరం రాస్తూ, గణితంలో తేల్చిన విషయాలని మామూలు మాటల్లో కూడా చెప్పొచ్చు కదా, అప్పుడు తనలాంటివాళ్లు ప్రయోగాలతో వాటిపై పనిచేయగలరు కదా అని అడిగాడు. అప్పటికి ఆయనకి 66 ఏళ్లు, యూరప్ అంతా పేరు. తెలియని విషయం గురించి ఒక పాతికేళ్ల కుర్రాణ్ణి అడగడానికి ఆయనకి నామోషీ అనిపించలేదు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్ట్‌లో తన ఇంట్లో చనిపోయాడు.

ఇదంతా చదివాక నేను ఒకటే మార్చుకున్నాను. రోజుకి ఒక్కటే వింటాను, మామూలు స్పీడులో. రాత్రి చూడకుండా రాస్తాను. ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అందులో ఒకటి నాన్నకి తెలుగులో చెప్తాను. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇదే అన్నిటికంటే కష్టం. మొదటివారం హాష్ టేబుల్ గురించి మొదలుపెట్టి రెండో వాక్యానికే ఆగిపోయాను. నాకు ఇంగ్లీషులో వచ్చింది డెఫినిషన్ మాత్రమే అని అప్పుడు తెలిసింది.

తర్వాతి వారం నాన్న మెడికల్ షాపుతోనే చెప్పాను. మందు పేరులో మొదటి అక్షరం చూసి సరాసరి ఆ సొరుగే తెరుస్తారు కదా, షాపంతా వెతకరు కదా, అదే ఇది అని. నాన్న కాసేపు ఆలోచించి, అన్ని మందులూ ఒకే అక్షరంతో వస్తే ఆ సొరుగులో మళ్లీ వెతుక్కోవడమేగా అని అడిగారు. మా సిలబస్‌లో కొలిజన్ అని రెండు పేజీలుంది ఆ ప్రశ్న. ఆ రాత్రి ఆ రెండు పేజీలు మళ్లీ చదివాను.