చల్లపల్లి డాక్టర్లకు చిలకలపూడి అభినందన

చల్లపల్లి పద్మావతి ఆస్పత్రిలో ఓపీ మొదలయ్యేది పొద్దెక్కాకే. ఆ ఆస్పత్రి డాక్టర్ల డ్యూటీ మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే, రోడ్డు మీద, చేతిలో చీపురుతో మొదలవుతుంది. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టర్ పద్మావతి గారు, వారి వెంట నడిచిన ఊరివాళ్లు 2014 నవంబరు 12న మొదలుపెట్టిన స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమానికి 2024 నవంబరు 12తో పదేళ్లు నిండాయి. ఏ పనినైనా పదేళ్లపాటు పొద్దున్నే లేచి చేసినవాళ్లను చూస్తే నాకు ముందు భయమేస్తుంది, ఆ తర్వాతే గౌరవం.

గుర్తుందిగా, ఆ ఏడాది అక్టోబరు 2న ఢిల్లీలో స్వచ్ఛ భారత్ మొదలైంది. దేశమంతా చీపుళ్ల సీజను. శుభ్రంగా ఉన్న వీధిలో నాలుగు ఎండుటాకులు పోయించి, వాటిని ఊడుస్తూ ఫొటోలు దిగిన పెద్దమనుషుల ముచ్చట పేపర్లలో చదివి నవ్వుకున్నాం. నెలా పది రోజులకు చల్లపల్లిలో చీపురు పట్టారంటే అదీ ఆ కోవలోదేనని అనుకోవడం సహజం. బందరులోని మా చిలకలపూడి వాళ్లకైతే ఇలాంటి విషయాల్లో అనుమానం ఇంకాస్త ఎక్కువ. రోల్డుగోల్డు మా ఊరి వృత్తి. నకిలీదేదైనా కనపడితే లోకం చిలకలపూడి బంగారమంటూ మమ్మల్నే తలుచుకుంటుంది. పూత ఎన్నాళ్లుంటుందో, ఎక్కడ ముందు వెలుస్తుందో మాకొకరు చెప్పక్కర్లేదు. పదేళ్లు చెమటలో నానినా రంగు తిరగలేదంటే అది మా కార్ఖానాల సరుకు కాదని ఒప్పుకోవాల్సిందే.

అసలు కథ చీపురు కంటే ముందుది. మన కృష్ణా డెల్టాలో ఖాళీ జాగా ఉండదు. కాలవ పారే చోట గజం నేలున్నా వరికో మినుముకో పోతుంది. మిగిలేవి కాలవగట్టు, రోడ్డు మార్జిను. ఇంట్లో దొడ్డి లేనివాళ్లకు అవే దిక్కు. మగవాళ్లు ఎప్పుడైనా వెళ్తారు. ఆడవాళ్లకు తెల్లారకముందైనా వెళ్లాలి, చీకటి పడ్డాకైనా వెళ్లాలి. బస్సు లైటు పడిందంటే కొంగు సర్దుకుని చప్పున లేచి నిలబడాలి, అది దాటాక మళ్లీ కూర్చోవాలి. మన ప్రాంతంలో పెరిగినవాళ్లు ఈ దృశ్యం చూడలేదంటే నేను నమ్మను, చూసి తల తిప్పుకున్నామంతే. చల్లపల్లిలో గంగులవారిపాలెం రోడ్డు అలాంటిదే. ఈ డాక్టర్లు తల తిప్పుకోలేదు. చీకటితోనే అక్కడికి వెళ్లి నిలబడి, చెంబుతో వచ్చేవాళ్లకు చేతులు జోడించి, ఇక్కడొద్దని బతిమాలారు. మరుగుదొడ్ల మాట తేలాకే పూలమొక్కల మాట వచ్చింది. ఆ వరసలోనే వాళ్ల వైద్యం ఉంది.

ఓపీలో కూర్చున్న డాక్టరుకు రోడ్డు సంగతి మందుల చీటీలోనే తెలుస్తుంది. వానలు పడితే వాంతులు, విరేచనాలు. ఆపైన టైఫాయిడ్లు, కామెర్లు. వట్టికాళ్లతో గట్ల మీద నడిచే కూలి ఆడవాళ్లకు కొంకిపురుగు పాదం చర్మంలోంచే ఒంట్లోకి దూరి, పేగును కరిచిపట్టుకుని నెత్తురు పీలుస్తుంది. మొహం పాలిపోయి ఆయాసమంటూ వస్తారు. నులిపురుగుల మందిచ్చి, ఐరన్ మాత్రలు రాసి పంపిస్తే, ఆ సీసా అయ్యేలోపే మళ్లీ అదే గట్టు, అదే పురుగు. బోదకాలు సంగతి మరీ చిత్రం. దానికి లోకమంతా వాడే డైఇథైల్ కార్బమజీన్ 1940లలో అమెరికాలో, లెడర్లీ సంస్థలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో బయటికొచ్చింది. మందు తెచ్చినాయన మనవాడే. జబ్బును మోసే క్యూలెక్స్ దోమా మనదే, మురుగు నిలిచిన సైడుకాలవల్లో హాయిగా పిల్లల్ని పెడుతుంది. మాత్ర మింగించే ఆస్పత్రులు చాలానే ఉన్నాయి. కాలవ పూడిక తీసే ఆస్పత్రి నాకు తెలిసి ఇదొక్కటే.

అలాగని ఉచిత వైద్య శిబిరాలను తక్కువ చేయడం లేదు. కళ్లు మసకబారిన ముసలాయనకు ఊళ్లోనే పరీక్ష చేసి ఆపరేషను చేయించడం చిన్న పనేం కాదు. కానీ శిబిరం సాయంత్రానికి ముగుస్తుంది, ఫ్లెక్సీ మిగులుతుంది. ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగి చివరికి పడేదీ సైడుకాలవలోనే. ఏదో ఒకనాడు దాన్ని పైకి లాగడమే స్వచ్ఛ కార్యకర్తల పని.

చీకటుండగానే చల్లపల్లి మీదుగా ప్రయాణం చేస్తే వాళ్లు కనిపిస్తారు. కత్తులు, దంతెలు, చీపుళ్లు, డిప్పలు. ఒకరు పిచ్చికంప నరుకుతుంటే ఇంకొకరు దంతెతో లాగి పోగు పెడతారు, మరొకరు డిప్పలకెత్తుతారు. డ్రెయిన్లోంచి పైకొచ్చేవి చూస్తే మన నాగరికత జాతకమంతా తెలుస్తుంది: మందు సీసాలు, నీళ్ల ప్యాకెట్లు, నిన్నటి పెళ్లిభోజనాల గ్లాసులు, కాలవకు అప్పజెప్పిన పాత పరుపు. రిటైరైన మాస్టార్లు, రైతులు, ఉద్యోగులు, ఇంటి పనంతా ముందున్న గృహిణులు. పనయ్యాక చేతులు కడుక్కుని కాఫీ తాగుతూ మర్నాడు ఎక్కడ కలవాలో అనుకుంటారు. తర్వాత ఎవరిళ్లకు వాళ్లు, డాక్టర్లు ఆస్పత్రికి. ఊడ్చిన చోటే, ఊడ్చినవాళ్ల కళ్లముందే సంచీ విసిరేవాడు ఒకడుంటాడు. వాడి మీద కోపం దిగమింగుకుని మర్నాడు మళ్లీ అక్కడికే రావడం ఉందే, నడుం వంచడం కంటే అదే కష్టమని నా అనుమానం.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి, చీపురు ఒక్కదానితో ఊరు పచ్చబడదు. మొక్కలకు నీళ్లు పోయాలి, పనివాళ్లకు జీతాలివ్వాలి. అందుకే ‘మనకోసం మనం’ అనే ట్రస్టు పెట్టుకున్నారు. డాక్టర్ల సొంత సంపాదన అందులోకి పోతుంది. ఊరివాళ్లు పిల్లల పుట్టినరోజనో, పెళ్లిరోజనో, నాన్నగారి వర్ధంతి అనో తలా కాస్త ఇస్తారు. ఇప్పుడు ఊరి దారుల పక్కన పెరిగిన తోటల్ని వాళ్లు రహదారి వనాలంటారు.

డాక్టరు వీధిలోకి రావడం మా బందరుకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఇక్కడే ప్రాక్టీసు పెట్టి, దాన్ని మానుకుని స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు, 1923లో ఆంధ్రా బ్యాంకును నిలబెట్టారు. ఆయన స్టెతస్కోపు వదిలేసి వచ్చారు. వీళ్లు దాన్ని ఆస్పత్రి బల్ల మీద పెట్టి వచ్చి, మళ్లీ వెళ్లి మెళ్లో వేసుకుంటున్నారు.

నవంబరు మన దివిసీమకు మామూలు నెల కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టారు, మదర్ థెరిసా వచ్చారు, ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి టీకాలు వేశారు. ఆ సాయమే లేకపోతే దివిసీమ లేచేది కాదు. దాంతోపాటు మనకో అలవాటు కూడా అంటుకుంది: సాయమంటే బయటి నుంచి రావాల్సిందేనని. అది గవర్నమెంటు నుంచైనా రావాలి, అమెరికా నుంచైనా రావాలి. ఉప్పెన అడుగుజాడలున్న ఈ నేల మీదే, ఎవరి కోసం ఎదురుచూడకుండా, మా ఊరి మురుగు మేమే తీసుకుంటామన్నారే, ఆ తెగువకే ఈ అభినందన.

ప్రసాద్ గారూ, పద్మావతి గారూ, మీకు శాలువా కప్పాలని ఇక్కడ కొందరికి ఉబలాటంగా ఉంది. వద్దన్నాను. శాలువాతో నడుం వంచడం కష్టం. బదులుగా ఒక పని అప్పగిస్తున్నాం. మీ పదేళ్ల పండగ రోజు కార్తీక శుద్ధ ఏకాదశి, 1929లో భక్త నరసింహం గారి చేతుల మీదుగా మా ఊళ్లో వెలిసిన పాండురంగడి ఉత్సవాల రోజు. పౌర్ణమి 15న. ఆ పొద్దున మంగినపూడిలో సముద్రస్నానాలకు జనం ఇసక వేస్తే రాలనట్టు వస్తారు. పసుపు కుంకుమల ప్యాకెట్లు, అరటిడొప్పలు, షాంపూ కవర్లు, తడిబట్టలు అన్నీ అక్కడే వదిలేసి పుణ్యం మాత్రం ఇంటికి పట్టుకెళ్తారు. అది దేవుడి పని అనుకుంటారో సముద్రం పని అనుకుంటారో మీ ఇష్టం, 16 శనివారం తెల్లవారుజామున మీరూ మీ కార్యకర్తలూ ఒక్కసారి రావాలి. చీపుళ్లు, డిప్పలు మావే, కాఫీ కూడా మాదే. ఎక్కడ మొదలుపెట్టాలో మీరు చూపించండి చాలు.