కార్మికుడు ముఖ్యమంత్రి అయిన వేళ

మాది సేద్యం చేసుకునే ఇల్లు. చేతులు కాయలు కాచిన మనిషంటే నాకు గౌరవం. అందుకే ఈ సంచికకు టంగుటూరి అంజయ్యగారి జీవితం ఎంచుకున్నాను.

1919లో పుట్టిన అంజయ్యగారు హైదరాబాదు ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా చేరారు. పెద్ద చదువులు లేవు. తోటివాళ్ళ కష్టాలు నెత్తికెత్తుకుని యూనియన్ నాయకుడయ్యారు. రాష్ట్రంలోనూ, ఆపైన కేంద్రంలోనూ కార్మిక శాఖ చూశారు. 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. అన్ని వర్గాలనూ తృప్తి పరచబోయి అరవైమందికి పైగా మంత్రుల్ని పెట్టుకుంటే లోకం నవ్వింది.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో స్వాగతం హడావుడి చూసి రాజీవ్ గాంధీ ఆయన్ను అందరి ముందే కసురుకున్నారు. ఆ నెలలోనే పదవి పోయింది. ఆ అవమానం తెలుగువాళ్ళకు ముల్లులా గుచ్చుకుంది. 1983 జనవరి ఎన్నికల్లో తెలుగుదేశం గెలుపుకు అదీ ఒక కారణమే. అంజయ్యగారు మాత్రం పార్టీని విడవలేదు. 1984లో సికింద్రాబాదు నుంచి లోక్‌సభకు గెలిచి, 1986లో కన్నుమూశారు.

మిత్రులారా, యూనియన్‌లో ఆయన్ను నిలబెట్టింది తోటి కార్మికులు. ముఖ్యమంత్రిగా కూర్చోబెట్టిందీ, దింపిందీ ఢిల్లీ. ఎవరి బలంతో నిలబడ్డామో నాయకులు కాబోయే మనమూ ఒకసారి చూసుకోవద్దా?