మూడు బాధలకు మూలం ఒక్కటేనన్న వైద్యుడు

ఎండాకాలంలో నోట్లో పుండ్లు లేస్తే కర్నూలు, కడప జిల్లాల్లో వేడి చేసిందంటారు. మజ్జిగ తాగి, బి-కాంప్లెక్సు మాత్రలు వేసుకుంటారు. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. కానీ అరుదుగా, పదే పదే వచ్చే పుండ్లు ఒక పెద్ద వ్యాధికి తొలి గుర్తు కావచ్చు. ఆ వ్యాధికి రూపురేఖలు ఇచ్చిన మహనీయుడు టర్కీ వైద్యుడు హులూసి బెహ్చెత్. ఉర్దూ తెలిసినవారికి ఆ పేరు పరాయిది కాదు. మన ఖులూస్, బహ్జత్ అన్న మాటలే అక్కడ అలా పలుకుతాయి.

ఆయన 1889 ఫిబ్రవరి 20న ఇస్తాంబుల్‌లో జన్మించారు. చిన్ననాడే తల్లిని కోల్పోయారు. తండ్రి వ్యాపారం వల్ల బాల్యం కొంతకాలం డమాస్కస్‌లో గడిచింది. 1910లో, 21వ ఏట, సైనిక వైద్య విద్య పూర్తి చేసి, చర్మవ్యాధులు, సుఖవ్యాధులలో నైపుణ్యం గడించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడిర్నే సైనిక ఆసుపత్రిలో పనిచేశారు. యుద్ధానంతరం బుడాపెస్ట్, బెర్లిన్ నగరాల్లో అనుభవం సంపాదించారు. 1933లో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

నోట్లో పుండ్లు, మర్మాంగాల వద్ద పుండ్లు, కంటి వాపు. ఈ మూడింటితో ఏళ్ల తరబడి బాధపడుతున్న రోగి ఆయన వద్దకు వచ్చాడు. ఇతర వైద్యులు సిఫిలిస్ అనీ, క్షయ అనీ అనుమానించారు. బెహ్చెత్ తొందరపడలేదు. అదే తీరున మరికొందరిని చూశాక, ఇవి వేరువేరు రోగాలు కావు, ఒకే వ్యాధి అని 1937లో ప్రకటించారు. గ్రీకు నేత్రవైద్యుడు అడమాంటియాడెస్ కూడా అంతకుముందే ఇలాంటి రోగిని గురించి రాశారు. అందుకే కొందరు ఇద్దరి పేర్లూ కలిపి చెబుతారు. 1947లో జెనీవా వైద్య సదస్సులో ఈ వ్యాధికి బెహ్చెత్ పేరు స్థిరపడింది. మరుసటి ఏడాది మార్చి 8న ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి రక్తనాళాల గోడలను వాచేలా చేస్తుందని తర్వాతి వైద్యులు వివరించారు. చిన్న నాళాలే కాదు, పెద్ద సిరలు, ధమనులూ దెబ్బతింటాయి. కాలి సిరలో రక్తం గడ్డకట్టి పిక్క ఉబ్బుతుంది. మెదడు, కాలేయం సిరలు కూడా మూసుకుపోవచ్చు. ఊపిరితిత్తుల ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే దగ్గులో రక్తం పడుతుంది. ప్రాణానికి ముప్పు ఇక్కడే. యువకులైన మగవారిలో ఇది ఎక్కువ.

దగ్గులో రక్తం కనిపిస్తే మన ప్రాంతంలో ముందు క్షయకు కళ్లె పరీక్ష చేయించడం సరైనదే. అందులో ఏమీ తేలకపోతే అక్కడితో ఆగకూడదు. గడ్డ ఊపిరితిత్తిలోకి వెళ్లిందనుకుని రక్తం పలుచబరిచే మందు ఇస్తే, ఉబ్బిన ధమని చిట్లినప్పుడు రక్తస్రావం ఆగదు. ఇక్కడ ముఖ్యమైన చికిత్స గోడ వాపును అణచడం. అందుకు స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులను వైద్యుల పర్యవేక్షణలో వాడతారు.

కంటి బాధకు కంటి వైద్యుని, పిక్క వాపుకు మరో వైద్యుని చూపించుకుంటాం. మర్మాంగాల పుండ్లను సిగ్గుతో ఎవరికీ చెప్పం. ఇవి సుఖవ్యాధి కావు, ఒకరి నుంచి ఒకరికి అంటవు. ఏడాదిలో కనీసం మూడుసార్లు నోటి పుండ్లు వచ్చి, పై లక్షణాల్లో ఏ ఒక్కటి తోడైనా అన్నీ ఒకే వైద్యునికి దాచకుండా చెప్పాలి. విడివిడిగా చెబితే బెహ్చెత్ వంటి వైద్యుడైనా ఆ మూడింటినీ కలపలేడు.